మిషన్ ఆసుపత్రులకూ ఈ చట్టం వర్తిస్తుంది

వికలాంగుల హక్కుల చట్టం అనగానే మనకు ప్రభుత్వ ఉద్యోగాలు, రిజర్వేషన్లు, పింఛన్లు గుర్తుకొస్తాయి. మిషన్ ఆసుపత్రులకు దానితో పనిలేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలుండగా, ఇందులో 21 ఉన్నాయి. 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. అయితే కంపెనీలతోపాటు ట్రస్టులు, సొసైటీలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. ప్రతి సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట వికలాంగులు చేయదగిన ఉద్యోగాలేవో, ఏ సదుపాయాలు, సెలవులు ఇస్తారో అందులో రాయాలి. ఈ పనులు చూసేందుకు ఒకరిని నియమించాలి. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే 10 వేల రూపాయల వరకు, ఆ తర్వాత 50 వేల నుండి 5 లక్షల వరకు జరిమానా ఉంది.

జరిమానాకు భయపడి కాదు, మన పిలుపును బట్టి దీన్ని చేయాలి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మిషనరీలు కుష్ఠు రోగులకు ఆసుపత్రి కట్టారు. ఆ వ్యాధి నయమైనా వైకల్యం మిగిలినవారు ఈ 21 వర్గాలలో ఉన్నారు. వారికి వైద్యం చేసిన మనం ఉద్యోగం ఇవ్వడానికి ఎందుకు వెనుకాడాలి? ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్సు వార్డులో పరుగులు తీయలేకపోవచ్చు. రికార్డులు, మందుల స్టాకు చూడగలదు, విద్యార్థినులకు పాఠం చెప్పగలదు. ఆమె చదువు, అనుభవం కాలితోపాటు పోలేదు కదా.

ఇక రోగుల సంగతి. ఓ.పి. ముందు అడుగు ఎత్తు మెట్లుంటే ర్యాంపు 12 అడుగుల పొడవుండాలి. అంతకంటే నిటారుగా కడితే చక్రాల కుర్చీ ఎక్కించడం కష్టం, దించడం ప్రమాదం. చెవిటివారికి టోకెన్ నంబరు బోర్డు మీద కనిపించాలి. చూపులేనివారికి మందుల చీటీ చదివి వినిపించాలి. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు.

కపెర్నహూములో పక్షవాయువుగలవానిని తెచ్చిన నలుగురు, వాకిట దారి దొరకక ఇంటి కప్పు విప్పవలసి వచ్చింది. మన వాకిట ఎవరికీ అలాంటి అవసరం రాకూడదు. వచ్చే కమిటీ సమావేశానికి ముందే మెట్లు కొలవండి. విధానం రాసి అందరికీ కనిపించేలా గోడకు పెట్టండి. వికలాంగులైన సిబ్బందిని, రోగులను పిలిచి, వారికేమి కావాలో వారినే అడగండి.