కర్కరేకు అశోక చక్ర ఇచ్చారు.. మాలేగావ్ కుటుంబాలకు జవాబు ఎవరిస్తారు?

2025 జూలై 31న ముంబైలోని ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు మాలేగావ్ పేలుడు కేసులో ఏడుగురు నిందితులనూ నిర్దోషులుగా విడుదల చేసింది. దాంతో హేమంత్ కర్కరే పేరు మళ్లీ చర్చలోకి వచ్చింది. కేసు వీగిపోయింది కాబట్టి ఆయన దర్యాప్తే కుట్ర అని కొందరంటున్నారు. ఆయన బతికి ఉంటే శిక్ష పడేదని మరికొందరి మాట. రెండూ తొందరపాటు మాటలే.

కర్కరే నాగ్‌పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, కొంతకాలం ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేసి, 1982లో ఐపీఎస్‌లో చేరారు. తెలంగాణకు ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో పనిచేశారు. విదేశీ గూఢచార సంస్థ 'రా' తరఫున ఆస్ట్రియాలో ఏళ్లపాటు ఉన్నారు. 2008 జనవరిలో మహారాష్ట్ర ఏటీఎస్ అధిపతి అయ్యారు.

అదే ఏడాది సెప్టెంబర్ 29న, రంజాన్ నెలలో, మాలేగావ్‌లోని భిక్కూ చౌక్ దగ్గర మోటార్‌సైకిల్‌కు అమర్చిన బాంబు పేలి ఆరుగురు చనిపోయారు. దాదాపు వంద మంది గాయపడ్డారు. 2006లో అదే ఊళ్లో షబ్ ఎ బరాత్ నాడు పేలుళ్లు జరిగినప్పుడు, ఇదే ఏటీఎస్ తొమ్మిది మంది ముస్లింలను పట్టుకుంది. వాళ్లు ఏళ్ల తరబడి జైల్లో మగ్గాక, 2016లో కోర్టు ఆ కేసు నుంచి విముక్తి కల్పించింది. 2008లో మాత్రం కర్కరే బృందం మోటార్‌సైకిల్ ఎవరిదన్న దగ్గర మొదలుపెట్టి ప్రజ్ఞా సింగ్ ఠాకూర్‌ను, తర్వాత లెఫ్టినెంట్ కర్నల్ పురోహిత్‌ను అరెస్టు చేసింది. రాజకీయ నాయకులు ఆయన మీద బహిరంగంగా విరుచుకుపడ్డారు.

నెల తిరక్కముందే నవంబర్ 26 వచ్చింది. ఆ రాత్రి ఉగ్రవాదులను వెతుక్కుంటూ వెళ్లిన కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సలాస్కర్ కామా ఆసుపత్రి పక్క సందులో తూటాలకు బలయ్యారు. 2009 గణతంత్ర దినాన ముగ్గురికీ అశోక చక్ర ప్రకటించారు. యుద్ధం లేని కాలంలో చూపిన సాహసానికి దేశం ఇచ్చే అత్యున్నత పతకం అది. కసబ్ తుపాకీని చేతులతో పట్టుకుని ప్రాణమిచ్చిన ఏఎస్‌ఐ తుకారాం ఓంబ్లేకూ అదే పతకం దక్కింది. ఏటీఎస్ అధిపతికైనా ఏఎస్‌ఐకైనా అక్కడ హోదా తేడా లేదు.

కానీ పతకం ఇవ్వడంతో సర్కారు బాధ్యత తీరిపోదు. ఆ రాత్రి భర్త వేసుకున్న బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఏమైందో తెలుసుకోవడానికి కవితా కర్కరే సమాచార హక్కు చట్టాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది. 2019 ఎన్నికల వేళ తన శాపం వల్లే ఆయన చనిపోయారని ప్రజ్ఞా ఠాకూర్ అన్నారు. ఐపీఎస్ అధికారుల సంఘం ఖండించాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అయినా ఆ ఎన్నికల్లో భోపాల్ నుంచి గెలిచి లోక్‌సభకు వెళ్లారు.

ఇక తీర్పు సంగతి. అనుమానం ఎంత బలంగా ఉన్నా సాక్ష్యానికి సాటి రాదని కోర్టు చెప్పింది. మోటార్‌సైకిల్ ప్రజ్ఞా ఠాకూర్‌దేనని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని తేల్చింది. ఏటీఎస్ దర్యాప్తులో లోపాలను కూడా ఎత్తిచూపింది. కర్కరే మీద గౌరవం ఉన్నవాళ్లు కూడా ఇది ఒప్పుకోవాలి. అశోక చక్ర ఆయన ధైర్యానికి సర్టిఫికెట్, చార్జిషీటుకు కాదు. అలాగే చార్జిషీటు నిలబడనంత మాత్రాన ఆ ధైర్యం అబద్ధమైపోదు. పైగా కేసు మొదలైన రెండు నెలల్లోపే ఆయన చనిపోయారు. 2011లో దర్యాప్తు ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. ఆ తర్వాత 14 ఏళ్లకు వచ్చిన తీర్పుకు మొత్తం లెక్క ఒక్క కర్కరే ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఇది హైదరాబాద్‌కు కొత్త కథేమీ కాదు. 2007 మే 18న మక్కా మసీదులో జుమా నాడు పేలుడు జరిగింది. ముందు పాతబస్తీ యువకులను పట్టుకెళ్లారు, తర్వాత వాళ్లు నిర్దోషులని తేలింది. ఆ తర్వాత వేరేవాళ్ల మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న ఆ ఐదుగురినీ కోర్టు వదిలేసింది. మరి బాంబు పెట్టింది ఎవరు? నమాజుకు వెళ్లి తిరిగిరాని వాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న అలాగే ఉంది.

సాక్ష్యం లేకుండా ముస్లిం యువకులను జైల్లో పెట్టడం అన్యాయమైతే, సాక్ష్యం లేకుండా ఇంకెవరినీ శిక్షించకూడదన్నదీ అంతే నిజం. కొలత ఒక్కటే ఉండాలి. అందుకే అడగాల్సింది ఫలానా వాళ్లకు శిక్ష ఎందుకు పడలేదని కాదు. గట్టి సాక్ష్యం ఎందుకు సేకరించలేకపోయారు, సేకరించింది కోర్టులో ఎందుకు నిలబెట్టలేకపోయారు అని. మాలేగావ్ మృతుల కుటుంబాలకు 2 లక్షలు, క్షతగాత్రులకు 50 వేల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆ కుటుంబాలు మాత్రం తీర్పుపై బాంబే హైకోర్టుకు వెళ్లాయి. వాళ్లకు కావాల్సింది డబ్బు కాదు, జవాబు.

ఏటా జనవరి 26న, ఆగస్టు 15న పోలీసు పతకాల జాబితా వస్తూనే ఉంటుంది. దర్యాప్తు సరిగ్గా జరిగి, అసలు దోషి దొరికి, అమాయకుడు ఇంటికి చేరినప్పుడే ఆ పతకాలకు విలువ.