స్ట్రాస్‌బర్గ్ గోడ, మన ఊరి గోడ



యూరప్‌లో మందిరాలు ఖాళీ అయిపోయాయి, అక్కడ భక్తి చచ్చిపోయింది అని మన సభల్లో చెప్పని ప్రసంగీకుడు లేడు. మేమూ ఎన్నోసార్లు చెప్పాం. గత వేసవిలో బంధువులు పిలిస్తే ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ వెళ్ళాం. ఖాళీ బెంచీల ఫొటోలు తెచ్చి మీకు చూపించాలన్న ఆశతోనే పాత చర్చిలన్నీ కాలినడకన తిరిగాం. సిగ్గుపడుతూనే ఈ మాట ఒప్పుకుంటున్నాం.

కెథడ్రల్ శిఖరం 142 మీటర్లు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. అక్కడి నుంచి కాసేపు నడిస్తే సెయింట్ థామస్ మందిరం. మార్టిన్ బూసర్ కాపరిగా ఉన్న చోటు. ప్రభు బల్ల విషయంలో లూథరుకూ జ్వింగ్లీకీ సఖ్యత కుదర్చాలని ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి ఆయన. 1538లో జెనీవా వెళ్ళగొట్టిన కాల్విన్‌ను ఈ ఊరే చేర్చుకుంది. సెమినరీలో ఈ పేర్లన్నీ పరీక్ష కోసం బట్టీ పట్టాం, అంతే.

మమ్మల్ని నిలబెట్టింది మాత్రం ‘పాత పేతురు’ చర్చి. 1681లో పద్నాలుగో లూయీ ఊరిని పట్టుకున్నాక, ప్రొటెస్టెంట్ల చేతిలో ఉన్న ఈ మందిరంలో బలిపీఠం వైపు భాగాన్ని కాథలిక్కులకు ఇప్పించాడు. మధ్యలో గోడ లేచింది. ఒకే కప్పు కింద రెండు సంఘాలు, రెండు ఆరాధనలు, వందల ఏళ్ళు! మన కాలంలో ఆ గోడకు దారి తెరిచారు. లూథరన్లు లూథరన్లుగానే ఉన్నారు, ఆర్‌సీఎం వాళ్ళు ఆర్‌సీఎం వాళ్ళుగానే ఉన్నారు. సిద్ధాంతం ఎవరూ అమ్ముకోలేదు.

‘కలిస్తే బోధ పాడవుతుంది’ అనే పెద్దలకు మా జవాబు ఇదే. మన ఊళ్ళో మూడు చర్చిలు, మూడు మైకులు. ఒకరి బాప్తిస్మం ఇంకొకరికి చెల్లదు. గుంటూరు లూథరన్లకు, ఒంగోలు బాప్టిస్టులకు అన్నట్టు మిషనరీలు తమ సేవా ప్రాంతాలు పంచుకుంటే, మనం ఒక్క వీధిని పంచుకున్నాం. ఎఫెసీ 2:14 మీద మాత్రం ఏటా ప్రసంగాలు చేస్తాం.

ఇతరులను అనడం ఎందుకు? వేరే సంఘం నుంచి మన ఊరికి కోడలుగా వచ్చిన ఒక అమ్మాయి రెండేళ్ళుగా మన ఆరాధనకు వస్తోంది. ఆమెది చిలకరింపు బాప్తిస్మం. ముంచి ఇస్తే తప్ప రొట్టె ఇవ్వనన్నది మేమే. బల్ల సిద్ధం చేసే వేళకు చంటిబిడ్డను ఎత్తుకుని ఆమె బయటకు వెళ్ళిపోతుంది. బిడ్డ ఏడ్చినందుకు కాదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ గోడ కట్టింది ఏ రాజూ కాదు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆమెకు రొట్టె ఇస్తాం. అభ్యంతరం ఉన్న పెద్దలు శనివారం సాయంత్రం మా ఇంటికి రండి. టీ తాగుతూ మాట్లాడదాం. కానీ ఆదివారం మాత్రం ఇస్తాం.