బండి నిలిచిన గంటకు కూలి ఎవరిస్తారు?



మన విద్యా సహాయం ఫారంలో ‘తండ్రి జీతం రశీదు జత చేయవలెను’ అని ఒక వరుస ఉన్నది. ఆ వరుస తీసేయాలని కోరుతున్నాము. కారణం కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

సేలం, సంకగిరి, నామక్కల్ పక్కన మనవాళ్ళలో లారీ తోలి బతికే ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళకు నెల జీతం అని ఒకటి సరిగ్గా ఉండదు. కొంత చేతికి, కొంత బత్తా, ట్రిప్పుకు ఇంత అని నోటిమాట లెక్క. రశీదు ఎక్కడినుంచి తెస్తారు? తేలేక బిడ్డ దరఖాస్తే వేయడం మానేస్తారు. మనం ‘డ్రైవర్ల ఇళ్ళలో చదువు మీద ఆసక్తి లేదు’ అని చెప్పుకుంటాము.

అందులోనూ ట్రెయిలర్ పని వేరు. పక్క గోడ లేదు, పైకప్పు లేదు, చదునైన పలక మీద ఇనుప చుట్టలు, గొట్టాలు, ట్రాన్స్‌ఫార్మర్లు. గొలుసు, బెల్టు సరిగ్గా బిగించకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ చుట్ట వచ్చేది ముందున్న క్యాబిన్ మీదికే. కాబట్టి ఎక్కించేది కూలీలైనా కట్టు చూసుకునేది డ్రైవరే. కొంత దూరం పోయాక దిగి మళ్ళీ బిగించాలి. వాన వస్తే టార్పాలిన్ కప్పాలి. ఈ పనికి విడిగా కూలి రాసిన చీటీ మేము చూడలేదు.

మన నామక్కల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఆ చివర శ్రీనగర్‌లో ఉన్నది. అంతదాకా పోయే మన బండ్లూ ఉన్నాయి. అక్కడినుంచి లడఖ్ వైపు జోజిలా కనుమ, 11,500 అడుగులకు పైన. చలికాలంలో చక్రాలకు గొలుసులు లేని బండిని పోలీసులు వదలరు. కొన్ని రోజులు పెద్ద బండ్లను అసలే వదలరు, వదిలినా ఒక వైపే. మంచు చూడని సేలం మనిషి రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, వేళ్ళు మొద్దుబారిపోతుంటే ఇంజను తిప్పే చక్రాలకు ఆ గొలుసు తొడగాలి. ఇరుక్కున్నాక కాదు, ముందే. మంచు దాటాక విప్పాలి, లేకుంటే టైరూ పోతుంది గొలుసూ తెగుతుంది. దారి మూస్తే రోజుల తరబడి క్యాబిన్‌లోనే వంట, నిద్ర. కిలోమీటరు లెక్క మీద కూలి అయితే, ఆ రోజుల కూలి సున్న.

ఇక్కడ మా రైల్వే మాట ఒకటి చెప్పాలి. మేము గూడ్స్ ఆఫీసులో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్ళం. ఫ్లాట్ వ్యాగన్ కూడా ట్రెయిలర్ లాంటిదే. సరుకు దించడానికి ఇచ్చిన గంటలు దాటితే డెమరేజ్ అని గంట గంటకూ వసూలు చేసేవాళ్ళం; పెద్ద కంపెనీ అయినా కట్టి తీరాల్సిందే. ఇనుప పెట్టె నిలిచిన గంటకు ధర ఉన్నది. మనిషి నిలిచిన గంటకు లేదు! మోటారు కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 లోనే చట్టం చేశారు. లోడుకు ఫ్యాక్టరీ గేటు ముందర రెండు రాత్రులు కాచుకున్న డ్రైవరుకు ఆ గంటలు ఎవరు లెక్క పెట్టారు?

మన సంఘానికి పెద్ద చందాలిచ్చేవాళ్ళలో బండి యజమానులున్నారు, మాకు తెలుసు. డీజిలు, టోలు, బ్యాంకు వాయిదా అని వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి, బాడుగ వాళ్ళ చేతిలో లేదు. అది నిజమే. కానీ మేము అడిగేది జీతం పెంచమని కాదు, రాయమని. బత్తా ఎంత, ఒక రోజు దాటి నిలిస్తే ఎంత, గొలుసు ఎవరు కొనాలి, జరిమానా ఎవరి నెత్తిన. ట్రిప్పుకు ముందు ఒక చీటీ, రెండు సంతకాలు. తెలుగులో రాసినా తమిళంలో రాసినా సరే. మేము చదివింది తమిళ మీడియమే, చదివి పెడతాము.

రశీదు లేకుండా ఆడిటర్ ఒప్పుకోడని కోశాధికారిగారు అంటున్నారు. మరి అలాంటి ట్రిప్పు చీటీలు మూడు జత చేస్తే చాలునని వచ్చే కమిటీలో తీర్మానం రాద్దాము. ఈ ఏటి దరఖాస్తుల గడువు ముగిసేలోపలే రాద్దాము.