నాలుగు గోడల మధ్యనే ఉన్నారు కదా!



"వాళ్లేం చేసుకున్నా నాలుగు గోడల మధ్య చేసుకుంటే మనకేమి అభ్యంతరం? వీధిలోకి వచ్చి చాటుకోవడమెందుకు?" స్వలింగ ప్రేమికుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా చదువుకున్న పెద్దమనుషులు, అందులోనూ నావంటి బడిపంతుళ్లు, ఎంతో ఉదారంగా పలికే మాట ఇది. ఇది శుద్ధ అబద్ధమని నేనంటాను. నా సాక్షి ఆచార్య శ్రీనివాస రామచంద్ర సిరస్.

ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ బోధించారు. ఆధునిక భారతీయ భాషల శాఖకు అధ్యక్షులు. కవి కూడా. 'పాయాఖాలచీ హిరవళ్', అనగా పాదాల కింది పచ్చిక, అనే కవితాసంపుటికి 2002లో మహారాష్ట్ర సాహిత్య పరిషత్తు పురస్కారం అందుకున్నారు. జెండా పట్టి వీధికెక్కిన మనిషి కారు. 2010 ఫిబ్రవరి 8 రాత్రి తన ఇంట్లో, తన పడకగదిలో, ఒక స్నేహితునితో ఉన్నారు. ఇద్దరు మనుషులు కెమెరాతో లోపలికి చొరబడ్డారు. మర్నాడు విశ్వవిద్యాలయం సస్పెండు చేసింది ఆయనను. ఇల్లు ఖాళీ చేయమన్నది. మన పెద్దమనుషులు విధించిన నియమాన్ని అక్షరాలా పాటించిన మనిషికి దక్కిన ఫలమిది!

పెద్దల మధ్య ఏకాంతంలో, పరస్పర సమ్మతితో జరిగేది నేరం కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పి అప్పటికి ఏడు నెలలు. సిరస్ గారు అలహాబాదు హైకోర్టుకు వెళ్లారు. ఏప్రిల్ 1న కోర్టు ఆ సస్పెన్షన్‌ను నిలిపివేసింది. ఏప్రిల్ 7న అద్దె ఇంట్లో శవమై కనిపించారు. హత్యయో ఆత్మహత్యయో నేటికీ తేలలేదు. ఎవరికీ శిక్ష పడలేదు.

ఆలన్ ట్యూరింగ్ కథ కూడా ఇంటి నుంచే మొదలైంది. మనమీ అక్షరాలు టైపు చేస్తున్న యంత్రానికి 1936లోనే సిద్ధాంతపు పునాది వేసిన మహానుభావుడు. 1952లో తన ఇంట్లో దొంగతనం జరిగిందని పోలీసులకు చెప్పబోయి తానే ముద్దాయి అయ్యారు. 1954లో మరణించారు. 2013లో రాణి క్షమాభిక్ష, 2021లో యాభై పౌండ్ల నోటు మీద బొమ్మ. ఇంగ్లండు ఆలస్యంగానైనా సిగ్గు తెచ్చుకున్నది.

మన సంగతి? 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షను పీడను వీరికి తొలగించినా, తెలుగులో వీరికి గౌరవవాచకం స్థిరపడలేదు. బడి ఆవరణలో వినబడేవన్నీ తిట్లే. పత్రికలు వాడే 'స్వలింగ సంపర్కి' అన్న సమాసాన్నే చూడండి. పెళ్లయిన గృహస్థును ఎవరైనా 'పరలింగ సంపర్కి' అంటారా? అతడు భర్త, తండ్రి, ఫలానా ఊరి మాస్టారు. ఇతడు మాత్రం మంచానికి కట్టివేయబడిన ఒక క్రియ! వ్యాకరణం చదువుకున్నవాళ్లకైనా ఇందులోని దౌష్ట్యం కనబడవద్దా? సిరస్ గారిని తలచుకునేవారు సైతం ఆ కెమెరా రాత్రినే తలచుకుంటారు. పచ్చిక మీద కవిత్వం రాసినవాడని ఎందరికి తెలుసు?

సెప్టెంబరు 5న బడులలో గురువుల పటాలకు దండలు వేస్తాము. ఆ వరుసలో ఈ మరాఠీ పంతులుగారి పటం కూడా పెట్టమంటున్నాను. అభ్యంతరం ఉన్నవారు కారణం చెప్పండి, వింటాను. నాలుగు గోడల మాట మాత్రం మళ్లీ ఎత్తవద్దు.