తొండి చేసిందెవరు?

చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద అష్టాచెమ్మా ఆడనివాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి? సుద్దముక్కతో గళ్ళు గీసి, గవ్వలు లేకపోతే చింతగింజలు అరగదీసి వేసుకునేవాళ్ళం. గవ్వ కాస్త ఒరిగితే చాలు, వేలితో మెల్లగా తిప్పేసే గడుసుపిండం ప్రతి వీధిలోనూ ఒకతె ఉండేది. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? "తొండి! తొండి!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాళ్ళు. ఆ అరుపే మా ఆటకి అంపైరు.

పెద్దయ్యాక నేనొక ఆట నేర్చుకున్నాను. అందులో అంపైరు ఉండడు. "తొండి" అని అరిచేవాళ్ళూ ఉండరు. అరిస్తే మర్యాద కాదట! ఆ ఆట పేరు గోల్ఫ్.

"డబ్బున్నవాళ్ళ ఆట, మాకెందుకమ్మా?" అని పేజీ తిప్పేయకండి. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నదాన్నే. మా ఆయన ఉద్యోగం వల్ల క్లబ్బులో సభ్యత్వం వచ్చింది. ఆదివారం తెల్లారకుండానే ఆయన బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతుంటే, ఇంట్లో కూర్చుని విసుక్కోవడం ఎందుకని నలభయ్యో ఏట నేనూ కర్ర పట్టాను. ఇవాళ నేను చెప్పబోయేది ఆ కర్ర సంగతి కాదు, ఒక సంతకం సంగతి. సంతకాలు మనమందరం పెడతాం కదా!

రెండు సంతకాల ఆట

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోల్ఫ్‌లో మొత్తం 18 గుంటలు. ఒక్కో గుంటలో బంతి పడేదాకా ఎన్ని దెబ్బలు కొట్టామన్నదే లెక్క. తక్కువ దెబ్బలు కొట్టినవాళ్ళే గెలిచినట్టు. పెద్ద పోటీల్లో రిఫరీలుంటారు, టీవీ కెమెరాలుంటాయి. మాలాంటి అమెచ్యూర్ల టోర్నమెంట్లలో మా వెంట ఎవరూ ఉండరు. నాతో ఆడే ఆవిడ నా లెక్క రాస్తుంది, ఆవిడ లెక్క నేను రాస్తాను. ఇలా రాసేవాళ్ళని మార్కర్ అంటారు. చివర్లో ఒక్కో కార్డు మీదా ఆడినవాళ్ళూ, మార్కరూ సంతకం పెట్టి కమిటీకి ఇస్తారు. అంతే. ఎకరాల కొద్దీ పచ్చికలో ఆడే ఇంత పెద్ద ఆట, ఆ రెండు సంతకాల మీద నిలబడుతుంది!

మరి తొండి ఎలా చేస్తారంటారా? అబ్బో, దానికేం కొదవ! గడ్డి గుబురులో పడ్డ బంతిని చెప్పు కొసతో కాస్త బయటికి నెట్టడం ఒకటి. గుంట దగ్గర బంతి తీసి గుర్తు పెట్టేటప్పుడు రెండంగుళాలు ముందుకి జరపడం ఇంకొకటి. పొదల్లో మూడు కొట్టి, బయటికొచ్చి "ఒకటే" అనడం మరొకటి. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి మూడు నిమిషాలే గడువు. ఆలోగా దొరక్కపోతే ఒక దెబ్బ శిక్ష వేసుకుని, వెనక్కి నడిచి, ముందు కొట్టిన చోటి నుంచే మళ్ళీ కొట్టాలి. అంత దూరం నడవడం ఎందుకని, జేబులోంచి ఇంకో బంతి జారవిడిచి "ఇదిగో, ఇక్కడే ఉంది!" అనేవాళ్ళూ ఉన్నారు.

వీటన్నిటికన్నా పెద్ద తొండి ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకునేది. బాగా ఆడేవాళ్ళూ, అంతంతమాత్రం ఆడేవాళ్ళూ కలిసి పోటీ పడాలని గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అని ఒక రాయితీ ఇస్తారు. నా రాయితీ 24 అనుకోండి. నేను 96 దెబ్బలు కొడితే 24 తీసేసి 72గా లెక్కిస్తారు. దేశానికో తీరుగా ఉన్న ఈ లెక్కలకి 2020లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి పెట్టారు. చివరి 20 ఆటల్లో మంచివి 8 తీసి సగటు చూస్తారు. కొందరేం చేస్తారంటే, మామూలు రోజుల్లో కావాలని చెడగొట్టి ఆడి, లేదా బాగా ఆడిన రోజు కార్డే ఇవ్వకుండా, రాయితీ పెంచుకుంటారు. టోర్నమెంట్ రోజున విజృంభిస్తారు! పరీక్ష ముందు "నేనసలు పుస్తకమే ముట్టలేదే" అని ఏడ్చి, ఫస్టు మార్కు తెచ్చుకునే స్నేహితురాలు మీకూ ఉండే ఉంటుంది. అలాగన్నమాట.

ఇది కొత్తదీ కాదు, మన దగ్గరే ఉన్నదీ కాదు. 1955లో న్యూయార్క్ దగ్గర డీప్‌డేల్ అనే క్లబ్బులో ఆటగాళ్ళని వేలం పాడి పందెం కాసే టోర్నమెంట్ ఒకటి జరిగింది. ఆ వేలంపాటకి వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? మన ఊరి పేరే, "కలకత్తా"! అందులో చెయ్యి తిరిగిన ఆటగాళ్ళు ఇద్దరు 17, 18 హ్యాండిక్యాప్ అని దొంగలెక్క చూపించి గెలిచారు. తర్వాత గుట్టు బయటపడి దేశమంతా గగ్గోలయింది. అలాంటి పందాలు వద్దని అమెరికా గోల్ఫ్ సంఘమే చెప్పాల్సి వచ్చింది.

అక్కడంటే డబ్బు కోసం అనుకుందాం. మా ఆడవాళ్ళ టోర్నమెంట్లో మొదటి బహుమతి ఏమిటనుకున్నారు? ఒక డిన్నర్ సెట్!

ఆ రోజు ఏం జరిగిందంటే...

కొన్నేళ్ళ కిందటి మాట. నేను మార్కర్‌గా ఉన్నది మా ఆయన పైఅధికారి గారి భార్యకి. మేడమ్ ఆట మంచిదే. ఆ రోజు మరీ బాగా ఆడుతున్నారు. పద్నాలుగో గుంటకి కొట్టిన బంతి తుమ్మచెట్ల వైపు పోయింది. అందరం వెతుకుతున్నాం. మేడమ్ గారి బ్యాగు మోసే క్యాడీ కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆవిడ వాడి వంక ఒక్క చూపు చూశారు. వాడి చెయ్యి జేబులోకి వెళ్ళింది. ప్యాంటు కాలు గుండా బంతి కిందికి జారింది. "దొరికింది మేడమ్!" అన్నాడు. ముళ్ళ మధ్య పోయిన బంతి, పచ్చికలో పళ్ళెంలో పెట్టినట్టుంది!

నేను చూశాను. నేను చూసినట్టు వాడు కూడా చూశాడు.

మేడమ్ ఒక్క దెబ్బ తేడాతో గెలిచారు. కార్డు మీద నేను సంతకం పెట్టాను. టీ తాగుతుండగా మా వెనక ఆడినావిడ వచ్చి, సిరాతో మేడమ్ గారి పేరు మొదటి అక్షరం రాసి ఉన్న బంతిని బల్ల మీద పెట్టింది. "తుమ్మచెట్ల కింద దొరికిందండీ, మీదేనా?" అంది. ఒక్క క్షణం అందరూ గప్‌చిప్. మేడమ్ వెంటనే తేరుకుని, "ఈ క్యాడీలు ఇంతే! టిప్పు కోసం ఏమైనా చేస్తారు. నాకేం తెలుసు?" అన్నారు. కమిటీ ఆయన నా వైపు తిరిగి, "మార్కర్ మీరే కదా, ఏమైనా చూశారా?" అని అడిగారు.

"గమనించలేదండీ" అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి కదా! మా ఆయన ఉద్యోగం ఒక కారణం. రెండోది ఇంకా చిత్రమైనది. రెండో స్థానంలో ఉన్నది నేనే. నోరు విప్పితే డిన్నర్ సెట్ కోసం అన్నానంటారని భయం! పైగా మా అమ్మ నూరిపోసిన సామెత ఒకటి ఉందిగా, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని.

బహుమతి మేడమ్ గారికే ఇచ్చారు. కుర్రాణ్ణి నెల్లాళ్ళ పాటు గేటు లోపలికి రావద్దన్నారు. ఆడిన రోజుకే వాళ్ళకి డబ్బులు. నెలజీతం అంటూ లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన "పోన్లే, ఊరుకుని మంచిపని చేశావు" అన్నారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తగారు మాత్రం తలెత్తి, "మరి ఆ పిల్లాడికి ఈ నెల ఎలా గడుస్తుందే?" అని అడిగారు. గోల్ఫ్ అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఆవిడొక్కరే అడిగారు.

రూలు ఏమంటుంది?

ఆ రాత్రి నిద్ర పట్టక రూల్సు పుస్తకం తెరిచాను. అంతకుముందు ఎప్పుడూ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. అందులో స్పష్టంగా ఉంది. ఆటలో క్యాడీ రూలు తప్పితే శిక్ష పడేది ఆటగాడికి. మా క్లబ్బులో జరిగింది దానికి సరిగ్గా తిరగేసి! ఇంకో రూలు చదివేసరికి చెమటలు పట్టాయి. తప్పని తెలిసీ సంతకం పెట్టిన మార్కర్ తనూ పోటీలో ఉంటే, ఆ మార్కర్ని కూడా పోటీ నుంచి తీసేయాలట. అంటే ఆ రోజు తొండి చేసినవాళ్ళ జాబితాలో నా పేరు కూడా ఉంది. మౌనం అర్ధాంగీకారం అంటారు. మార్కర్ మౌనం పూర్తి అంగీకారమే. కింద సంతకం ఉంది మరి!

ఈ ఆటలో బాబీ జోన్స్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు. అంత పేరొచ్చినా పోటీల్లో ఆడినన్నాళ్ళూ అమెచ్యూర్‌గానే ఆడాడు. 1925 అమెరికా ఓపెన్‌లో గడ్డిలో ఉన్న ఆయన బంతి కొట్టబోయే ముందు రవ్వంత కదిలింది. ఎవరూ చూడలేదు. అధికారులు కూడా ఒత్తిడి చేయలేదు. ఆయనే పట్టుబట్టి ఒక దెబ్బ శిక్ష వేసుకున్నాడు. చివరికి విల్లీ మక్‌ఫార్లేన్‌తో సమానమై, మళ్ళీ ఆడిన ఆటలో ఒక్క దెబ్బతో ఓడిపోయాడు. అందరూ మెచ్చుకుంటే, బ్యాంకు దోచుకోనందుకు మనిషిని మెచ్చుకుంటారా అన్న ధోరణిలో విసుక్కున్నాడట.

ఒక్క దెబ్బే కదా అనుకుంటాం. 2021 ఆగస్టు 7న గోల్ఫ్ ఓనమాలు తెలియని ఇళ్ళల్లో కూడా తెల్లవారుజామునే టీవీలు పెట్టారు, గుర్తుందా? టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్‌కి పతకం ఒకే ఒక్క దెబ్బలో తప్పిపోయి నాలుగో స్థానం వచ్చింది. ఆమె బ్యాగు మోసిన క్యాడీ ఎవరో తెలుసా? కన్నతల్లి! ఒక దెబ్బ విలువ ఎంతో, బ్యాగు మోసే మనిషి విలువ ఎంతో ఆ ఒక్క ఉదయం చాలు తెలుసుకోవడానికి.

పన్నెండో రోజున...

నేను వెంటనే వెళ్ళి నిజం చెప్పేశానని రాస్తే మీరు చప్పట్లు కొడతారు. కానీ అలా జరగలేదు. ముందు ఆ కుర్రాడి ఇల్లు కనుక్కుని కొంత డబ్బివ్వబోయాను. తీసుకున్నాడు. అవసరం మరి. తీసుకుని, "మీరు చూశారు కదా మేడమ్" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు.

పన్నెండో రోజున కమిటీకి ఉత్తరం రాశాను. నేను చూసింది రాశాను, చూసి ఊరుకున్నానని కూడా రాశాను. కుర్రాణ్ణి మర్నాడే లోపలికి రానిచ్చారు. బహుమతి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. "అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకు కెలకడం?" అన్నారు. మేడమ్ నాతో మాట్లాడటం మానేశారు. ఆవిడతో పాటు మరో నలుగురు. మా ఆయన ఓ పది రోజులు ముభావంగా ఉన్నారు. ఉద్యోగానికి ముప్పేమీ రాలేదు. నేను పడ్డ భయంలో సగం నేనే అల్లుకున్నదని అప్పుడు తెలిసింది.

"ఆటే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని ఇప్పటికీ కొందరంటారు. ఆటే కాబట్టి అంటున్నాను! డిన్నర్ సెట్ దగ్గర నిజం చెప్పలేని నోరు, రేపు ఆస్తి కాగితాల దగ్గర చెబుతుందా? "ఇక్కడ సంతకం పెట్టు" అంటే చదవకుండా పెట్టడం మన ఆడవాళ్ళకి పుట్టింటి నుంచే అలవాటు. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం. ఆ మర్యాద ఖరీదు మనం చెల్లించం. బ్యాగు మోసేవాడు చెల్లిస్తాడు.

క్లబ్బుల వాళ్ళు చేయగలిగినవి చాలానే ఉన్నాయి. ఎవరితో ఎవరు ఆడాలో హోదాలు చూసి కాకుండా చీటీలు వేసి తేల్చండి. క్యాడీ తప్పుకి శిక్ష ఆటగాడిదేనన్న రూలుని తెలుగులో రాసి, క్యాడీలు కూర్చునే చోటే గోడకి అంటించండి. బాగా ఆడినా చెడ్డగా ఆడినా ప్రతి ఆట కార్డూ తీసుకోండి. క్యాడీ మీద ఫిర్యాదు వస్తే వాడి మాట కూడా విని, ఆ తర్వాతే తీర్పు చెప్పండి.

ఇక నా వరకు నేను చేస్తున్నది ఒక్కటే. ఆట అయ్యాక కార్డు తీసి ఒక్కో గుంటా పైకి చదువుతాను. "మొదటి దానికి ఐదు, అవునా? రెండోదానికి ఆరు, అవునా?" అని. అంతా సరిపోయాకే సంతకం. "వచ్చిందమ్మా లెక్కల టీచరు!" అని నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. ఆ కుర్రాడు ఇప్పుడు అప్పుడప్పుడు నా బ్యాగు మోస్తాడు. పొదల్లో బంతి పోతే ఇద్దరం వెతుకుతాం. మూడు నిమిషాలవగానే వాడే గడియారం చూసి, "పోయింది మేడమ్, వెనక్కి వెళ్దాం" అంటాడు.

చిన్నప్పుడు అరుగు మీద "తొండి" అని అరిచిన ఆ గొంతు మీకూ ఉండేది కదూ? ఎక్కడ పోగొట్టుకున్నారో ఒకసారి వెతుక్కోండి. దానికి మాత్రం మూడు నిమిషాల గడువు లేదు.