ఒకే త్రిభుజం, రెండు స్వభావాలు

కొన్నేళ్ల క్రితం పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఒక ఎలక్ట్రానిక్స్ పుస్తకాన్ని తెలుగు చేశాను. చదివింది ఆంగ్ల సాహిత్యం కనుక మాటల మీద నమ్మకం ఎక్కువ. ఆపరేషనల్ ఆంప్లిఫయర్‌కూ, కంపారేటర్‌కూ ఆ పుస్తకంలో బొమ్మ ఒకటే: పక్కకు తిరిగిన త్రిభుజం, ఒకవైపు ప్లస్, మైనస్ అనే రెండు ప్రవేశాలు, మొన దగ్గర ఒక నిర్గమం. కంపారేటర్ నిర్గమానికీ సరఫరాకూ మధ్య నిరోధకం కట్టాలని మూలంలో ఒక వాక్యం ఉంది. ఆంప్లిఫయర్‌కు అక్కర లేనిది దీనికెందుకని దానిని వదిలేశాను.

పుస్తకం వెలువడ్డాక ఒక విద్యార్థి ఉత్తరం వ్రాశాడు. చీకటి పడగానే వెలిగే చిన్న దీపాన్ని ఎల్.ఎం.339 చిప్‌తో తయారుచేశాడట. నిర్గమం నుంచి ట్రాన్సిస్టర్‌కు, దాని ద్వారా దీపానికి కలిపాడు. వెలగలేదు. చిప్ చెడిందనుకొని మరొకటి, ఆపైన ఇంకొకటి కొన్నాడు. చిప్‌లు మూడూ మంచివే. చెడింది నా పేజీ.

339 నిర్గమం లోపల ఉన్న ట్రాన్సిస్టర్ వోల్టేజిని కిందికి లాగగలదే గాని పైకి నెట్టలేదు. ఆ పైకెత్తే పని బయటి నిరోధకానిది. ఇది లోపం కాదు, సదుపాయం. 12 వోల్టుల మీద పనిచేసే కంపారేటర్ తన తీర్పును 5 వోల్టుల సర్క్యూట్‌కు అందించగలిగేది ఇందువల్లనే.

అసలు భేదం ఇంకా లోతుగా ఉంది. ఆంప్లిఫయర్ తన ఫలితంలో కొంత భాగాన్ని మైనస్ ప్రవేశానికి తిరిగి తెచ్చుకొని, అడిగిన నిష్పత్తిలోనే పెంచుతుంది. ఆ తిరుగుదారిలో సర్క్యూట్ తనంత తాను ఊగిపోకుండా, 1968లో వచ్చిన ప్రసిద్ధమైన 741 చిప్ లోపల 30 పికోఫారడ్ల కెపాసిటర్ ఉంచారు. ఆ నిలకడకు మూల్యం మందగమనం: మైక్రోసెకనుకు అర వోల్టు. 26 వోల్టుల మేర ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి 50 మైక్రోసెకన్లు దాటుతుంది. కంపారేటర్ అడిగేది ఒక్కటే, ఈ రెండింటిలో ఏది పెద్దది అని. అందుకు నిష్పత్తితో పని లేదు, ఆ కెపాసిటరూ అక్కర లేదు. ఎల్.ఎం.311 సుమారు 0.2 మైక్రోసెకనులో తేల్చేస్తుంది. సంధ్యాదీపానికి 741 అయినా సరిపోతుంది, చీకటికి అంత తొందర లేదు కదా! కాని కంపారేటర్‌ను ఆంప్లిఫయర్‌గా వాడబోతే అది ఊగులాడి మొరాయిస్తుంది.

పదివేల ఓముల నిరోధకం కట్టమని జవాబు వ్రాశాను. దీపం వెలిగిందట, కాని మునిమాపు వేళ మబ్బు కదిలినప్పుడల్లా మినుకుమినుకుమంటోందట. అంచు మీద నిలిచిన న్యాయాధిపతి సందిగ్ధం! దానికి మందును అమెరికా శాస్త్రజ్ఞుడు ఆటో ష్మిట్ 1930లలోనే, స్క్విడ్ అనే సముద్రజీవి నరాలను పరిశీలిస్తూ కనిపెట్టాడు. నిర్గమం నుంచి ప్లస్ ప్రవేశానికి మరొక నిరోధకం కడితే వెలిగే హద్దూ, ఆరే హద్దూ వేరవుతాయి. ఒకసారి చెప్పిన తీర్పు చిన్న కదలికకు మారదు.

రెండవ ముద్రణలో ఆ వాక్యాన్ని చేర్చాను. చిప్‌ల ఖరీదు పంపుతానంటే ఆ కుర్రవాడు ఒప్పుకోలేదు. ఒక్కొక్క దానిలో నాలుగేసి కంపారేటర్లున్నాయి, వాడింది ఒకటే, ఇంకా పదకొండు మిగిలాయండీ అని వ్రాశాడు.