ఇంగ్లీషు మాటలకు తెలుగు తాళంచెవి

గుంటూరు మిర్చియార్డులో లారీ వచ్చి ఆగితే హమాలీ నోట ముందుగా వచ్చే మాట ‘అన్‌లోడు’. అతను బడి ముఖం చూసి ఉండకపోవచ్చు. అయినా ‘లోడు’ అంటే బస్తాలు ఎక్కించడమనీ, ‘అన్‌లోడు’ అంటే దించడమనీ అతనికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అదే హమాలీ కొడుకు పదో తరగతిలో ‘అన్‌పెయిడ్’, ‘ఇన్‌వాలిడ్’, ‘ఇర్రెగ్యులర్’ అనే మాటలను ఒక్కొక్కటిగా నోటుబుక్కులో రాసుకుని, ఇరవైసార్లు వల్లెవేసి, తీరా పరీక్ష హాలులో మరచిపోతున్నాడు. తండ్రికి పనిలో దొరికిన కీలకం కొడుకుకు పాఠంలో దొరకడం లేదు. ఇది పిల్లవాడి మందమతితనం కాదు. నేర్పే తీరులోని లోపం.

ఈ లోపం మార్కులతో పోయేది కాదు. పల్లెటూరి ఇంటికి వచ్చే కాగితాల్లో గట్టి మాటలన్నీ ఇవే. రెండేళ్లకు పైగా ఖాతాదారు వేయడం గాని తీయడం గాని లేకపోతే బ్యాంకువారు పొదుపు ఖాతాను ‘ఇనాపరేటివ్’ అంటారు. ఆ మాట చూసి డబ్బు పోయిందని గుండెలు బాదుకునేవారున్నారు. డబ్బు ఎక్కడికీ పోదు. ‘ఆపరేటివ్’ అంటే నడుస్తున్నది, ముందు ‘ఇన్’ చేరింది కనుక నడవనిది. గుర్తింపు పత్రాలతో వెళ్లి అర్జీ ఇస్తే మళ్లీ నడుస్తుంది. దరఖాస్తు తిప్పి పంపుతూ ‘ఇనెలిజిబుల్’ అని రాస్తే అర్హత లేదని, ‘ఇన్‌కంప్లీట్’ అని రాస్తే కాగితాలు పూర్తిగా లేవని అర్థం. మొదటిదానికి దారి మూసుకున్నట్లు, రెండోదానికి తెరిచే ఉన్నట్లు. ఈ తేడా తెలియక, లోటు కాగితం ఒక్కటి జతపరిస్తే సరిపోయే చోట ఆశ వదులుకుని ఇంటికి పోయేవారి మాటేమిటి?

నిజానికి ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. న్యాయం ముందు ‘అ’ పెడితే అన్యాయం. ఆరోగ్యం ముందు ‘అన్’ పెడితే అనారోగ్యం. అర్హత అనర్హత అవుతుంది, అవసరం అనవసరం అవుతుంది. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’ అనేది సంస్కృతం నుంచి మనకు వచ్చిన కట్టుబాటు. గ్రీకు భాషదీ ఇదే కట్టుబాటు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు చెప్పే ‘ఎనీమియా’లో మొదట ఉన్నది ఆ ‘అన్’ అక్షరమే, తరువాతది రక్తం. అంటే రక్తం లేమి. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. మన ‘అన్’, గ్రీకు ‘అన్’, లాటిన్ ‘ఇన్’, ఇంగ్లీషు ‘అన్’ ఆ ఇంటి బిడ్డలే.

అచ్చతెలుగు దారి వేరు. అందులో ‘లేదు’, ‘కాదు’, ‘రాని’, ‘లేని’ అనేవి మాట చివర కూర్చుంటాయి. తెలియనిది, చదవనివాడు, పనికిరానిది అంటాం. ఇంగ్లీషులో అది ముందుకు వస్తుంది. ఇంత మాత్రం చెబితే పిల్లవాడికి సగం బెరుకు తీరుతుంది. ఉర్దూ నుంచి వచ్చిన గైరుహాజరు, బేవారసు, నాలాయకు అనే మాటల్లోనూ కాదనే మాట ముందే ఉంది. వాటిని అలవోకగా వాడే ఊరికి ‘అన్’, ‘ఇన్’, ‘డిస్’, ‘నాన్’ అనేవి ఏపాటి?

పిల్లలను ఎక్కువగా తికమక పెట్టేది మరొకటి ఉంది. ‘పాసిబుల్’కు ‘ఇంపాసిబుల్’, ‘లీగల్’కు ‘ఇల్లీగల్’, ‘రెగ్యులర్’కు ‘ఇర్రెగ్యులర్’ ఎందుకని? ఇవి నాలుగు వేర్వేరు ముక్కలు కావు. ‘ఇన్’ అనేదే పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంది. ఇది సంధి. నిరపరాధి, నిస్సహాయుడు, నిశ్చింత, నిష్ఫలం అనేవి చూడండి. అక్కడా ఒకే ముక్క పక్క అక్షరాన్ని బట్టి నాలుగు వేషాలు వేసింది. తెలుగు పీరియడులో సంధులు చెప్పే మాస్టారూ, తరువాతి పీరియడులో ఇంగ్లీషు చెప్పే మాస్టారూ ఒక్కసారి కలిసి కూర్చుంటే ఈ ముడి అరగంటలో వీడిపోతుంది.

ఈ జిల్లాకు ఇలాంటి మాట ఒకటి ఎప్పుడో పరిచయం. గాంధీజీ 1920లో ‘నాన్ కోఆపరేషన్’ అన్నారు. తెలుగువారు దానిని సహాయ నిరాకరణ అన్నారు. పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పన్నులు నిరాకరించి ఆ మాటకు అర్థం చూపించారు. ‘నాన్’ అనేది నేటికీ ప్రతి ఇంటి పెట్టెలో ఉంది. స్టాంపు కాగితం మీద ‘నాన్ జుడిషియల్’ అని ఉంటుంది. కోర్టు రుసుముకు కాక, ఒప్పందాలకు, దస్తావేజులకు వాడేదని దాని భావం.

ఈ ముక్కలన్నీ ఒకే పని చేయవన్నది కూడా చెప్పాలి. పంచాయతీ నిధులు ‘అన్‌యూజ్డ్’ అంటే ఖర్చు పెట్టలేదు, సొమ్ము ఉంది. ‘మిస్‌యూజ్డ్’ అంటే దుర్వినియోగమైంది. మొదటిదానికి సర్పంచిని తొందరపెట్టాలి, రెండోదానికి లెక్క అడగాలి. తగవు తీర్చే పెద్దమనిషి ‘డిస్‌ఇంట్రెస్టెడ్’గా ఉండాలంటే ఏ పక్షానా స్వలాభం లేనివాడై ఉండాలని అర్థం. ‘అన్‌ఇంట్రెస్టెడ్’ అంటే ఆసక్తి లేక ఆవులించేవాడు.

మోసపుచ్చే మాటలూ లేకపోలేదు. పెట్రోలు ట్యాంకరు మీద ఉండే ‘ఇన్‌ఫ్లేమబుల్’లో ‘ఇన్’ ఉంది కదా, అంటుకోదనుకుంటే కొంప కాలుతుంది. అక్కడి ‘ఇన్’ కాదనేది కాదు. ఆ మాటకు అర్థం ఇట్టే అంటుకునేదని. ఈ ప్రమాదం చూసే అమెరికాలో అగ్నిమాపక సంఘంవారు 1920 తరువాతి దశకంలో ‘ఫ్లేమబుల్’ అని రాయాలని పట్టుబట్టారు. ‘యునానిమస్’లోని మొదటి ముక్క కూడా కాదనేది కాదు, అది ‘ఒకటి’. పంచాయతీ ఎన్నికల్లో మనం ఏకగ్రీవం అనేది దానినే. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. మన ‘అమూల్యం’ అచ్చంగా అంతే. అందుచేత కీలకం తెలిసినా కళ్లు తెరుచుకునే చదవాలి.

ఇందుకు కొత్త పుస్తకాలు, కొత్త పథకాలు అక్కరలేదు. నల్లబల్ల మీద రోజుకు ఒక తెలుగు జంట, దాని పక్కన ఒక ఇంగ్లీషు జంట రాస్తే చాలు. అర్హత, అనర్హత అని రాసి పక్కన ‘ఎలిజిబుల్’, ‘ఇనెలిజిబుల్’ అని రాయాలి. వారానికి ఒకసారి పిల్లలు ఇంట్లోని పాసుపుస్తకం, విద్యుత్ బిల్లు, పురుగుమందు డబ్బా మీది మాటలు రాసుకుని వచ్చి తరగతిలో విప్పాలి. అప్పుడు ఆ చదువు పరీక్షకూ పనికివస్తుంది, ఇంటికీ పనికివస్తుంది.

ఇంగ్లీషు మాధ్యమం మంచిదా, తెలుగు మాధ్యమం మంచిదా అన్న వాదన ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. ఆ వాదన తేలేదాకా పిల్లలు ఆగరు. తెలుగు బాగా వచ్చినవాడికి ఇంగ్లీషు దగ్గర దారి అవుతుందని ఈ చిన్న ముక్కలే చాటుతున్నాయి. తెలుగు పీరియడును తక్కువగా చూసే తల్లిదండ్రులు, సంధులను మార్కుల కోసమే చెప్పే ఉపాధ్యాయులు ఈ సంగతి ఆలోచించాలి. యార్డులో బస్తా దించే తండ్రి నోట ఉన్న పాఠాన్ని బడిలో కొడుకు చేతికి అందించడం అసాధ్యమేమీ కాదు.